ఊఁ కొట్టే మనిషి

చిన్నప్పుడు మా అక్క నాకు కథలు చెప్పేది, కానీ ఊరికే చెప్పేది కాదు. ఊఁ కొట్టాలి. ముదినేపల్లి దగ్గర మా ఊళ్లో, వసారాలో మంచాలు పక్కపక్కన వేసుకుని పడుకునేవాళ్లం. ఆవిడ ఒక వాక్యం చెప్పి ఆగేది. నేను ఊఁ అంటేనే రెండో వాక్యం. ఊఁ రాకపోతే "నిద్రపోయావుటే?" అని అడిగేది. దానికీ జవాబు లేకపోతే కథ అక్కడితో ఆపేసి అటు తిరిగి పడుకునేది. మర్నాడు ఎంత బతిమాలినా వదిలేసిన చోటు నుంచి చెప్పేది కాదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది, నేను మళ్లీ అదే చోట నిద్రపోయేదాన్ని. చాలా కథల్లో చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఊఁ గురించి ఇంత వయసొచ్చాక ఇంతగా ఆలోచించాల్సి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ఉండేది ఏలూరులో, పవర్‌పేట స్టేషనుకి నడిచి వెళ్లేంత దూరంలో, మేడ మీద వాటా. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక గొప్ప కథేమీ లేదు. సంబంధాలు వచ్చిన రోజుల్లో నాకు నచ్చలేదు, నాకు నచ్చే రోజులకి సంబంధాలు రావడం మానేశాయి. పొద్దున పాసింజరు, సాయంత్రం పాసింజరు. రైల్లో రోజూ కనబడే ఆడవాళ్లున్నారు. సీటు ఆపి ఉంచుతారు, జామకాయ ముక్క చేతిలో పెడతారు, స్టేషను రాగానే ఎవరి దారి వాళ్లది. ఇంటికొచ్చి తాళం తీశాక మర్నాడు పొద్దున పాలవాడు వచ్చేదాకా నా గొంతు నాకే వినపడదు. రేడియో పెట్టుకుంటాను. అందులో ఎవరైనా నాకు నచ్చిన మాట అంటే తల ఊపుతాను. ఒకసారి బీరువా అద్దంలో నన్ను నేను చూసుకున్నాను, చేతిలో గరిట పట్టుకుని రేడియోకి తల ఊపుతున్నాను. నవ్వు రావాలి నిజానికి. భయమేసింది.

ఈ వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టాను. అది లేకపోతే ప్రమోషన్ రాదన్నారు, అదొక కారణం. రెండో కారణం సాయంత్రాలు. "ఇప్పుడెందుకండీ మేడమ్ మీకు ఇవన్నీ?" అని స్టాఫ్ రూములో నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. నేను తీసుకున్న విషయం, వైఫైలో వేగం ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు తగ్గించకూడదు అన్నది. వినడానికి ఎంత చప్పగా ఉందో నాకూ తెలుసు. అసలు సంగతి మాత్రం చాలా చిన్నది.

వైఫై వాడే పరికరాలన్నిటికీ గాలిలో దారి ఒక్కటే. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. ఒక పరికరం ఏదైనా పంపితే, అందుకున్నది వెంటనే "అందింది" అని ఒక చిన్న జవాబు ఇస్తుంది. మా అక్క అడిగే ఊఁ లాంటిదే అది. ఆ జవాబు రాకపోతే పంపినది ఒకటే అనుకుంటుంది, అవతలి వాళ్లకి సరిగా వినపడలేదని. ఈసారి ఇంకా నెమ్మదిగా చెబుతుంది. దూరం ఎక్కువై సిగ్నల్ నీరసించినప్పుడు అది సరైన పనే. కానీ జవాబు రాకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ ఢీకొని, వినేవాళ్లకి ఏదీ దక్కదు. అలాంటప్పుడు నెమ్మదిగా చెబితే ఏమవుతుంది? ఒక్కో మాట గాలిలో మరింత సేపు ఉంటుంది, ఇంకొకరి మాటకి మరింత అడ్డం పడుతుంది. మళ్లీ జవాబు రాదు, మళ్లీ నెమ్మదిస్తుంది. అందరూ అలా తగ్గించుకుంటూ పోయి, పక్కపక్కనే ఉండి కూడా ఎక్కడో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు సాగదీస్తూ ఉంటారు. జవాబు రాకపోవడం నీరసం వల్లా, ఢీకొనడం వల్లా అన్నది పంపేవాళ్లు కనిపెట్టడమెలా? నేను కూర్చుని రాస్తున్నది దాని గురించే.

వారంలో నేను నోరారా మాట్లాడేది ఒక్క ఆదివారమే. పొద్దున్నే కైకలూరు బస్సెక్కుతాను. కొల్లేరు మీదుగా పోయే రోడ్డు, అటూ ఇటూ నీళ్లుంటే నీళ్లు, లేకపోతే గుర్రపుడెక్క. కైకలూరులో దిగి ఆటో పట్టుకుంటే కలిదిండి వైపు మా అక్కా వాళ్ల ఇల్లు. ఒకప్పుడు వరి పండిన పొలం. ఇప్పుడు ఇంటి గోడ దాటితే అన్నీ చేపల చెరువులే. చెరువుల్లో నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకి వానపడుతోందేమో అనిపిస్తుంది.

వారమంతా దాచుకున్న మాటలన్నీ తీసుకెళ్లి అక్క ముందు పోసేదాన్ని. పక్కవాటావాళ్ల తగువులు, ప్రిన్సిపాల్ గారి చాదస్తం, రైల్లో ఎవరో కాలు తొక్కి సారీ కూడా చెప్పకపోవడం, అన్నీ. నేను గబగబా మాట్లాడతాను. నా క్లాసులో పిల్లలు "మేడమ్, ఎక్స్‌ప్రెస్" అని వెనక నుంచి అంటారు. అక్క మాత్రం కూరగాయలు తరుగుతూ ఒక్కో దానికి ఊఁ, ఊఁ అనేది, మధ్యలో "అదేమిటే, మరి నువ్వు ఊరుకున్నావా?" అనేది. అది చాలు, సోమవారం రైలెక్కగలిగేదాన్ని.

అలాంటి అక్క పలకడం తగ్గించింది. మొదట అక్క కోడలే చెప్పింది. "అత్తయ్యగారికి వినపడట్లేదండీ చిన్నత్తయ్యగారూ. ఎన్నిసార్లు పిలిచినా పలకట్లేదు." బావగారు అదే మాట. "మీ అక్కకి చెవులు పోయాయండీ. చెప్పి చెప్పి నా గొంతు పోతోంది." నేనూ చూశాను. నేను చెబుతుంటే ఎటో చూస్తోంది. ఊఁ రావట్లేదు. దాంతో నేనూ గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాను. "అ-క్కా, మొ-న్న కా-లే-జీ-లో..." ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, లేచి పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయేది. అంత నెమ్మదిగా చెబితే, తొక్కిన కాలు కథ కూడా శ్రద్ధాంజలిలా ఉంటుంది. రెండు ముక్కలు చెప్పి నేనే ఆపేసేదాన్ని. ఫోనులోనూ అంతే. "తిన్నావా? సరే, ఉంటాను" అని పెట్టేసేది.

ఆ రోజుల్లోనే బావగారు చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పెట్టించారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సంగతి ముందే తెలిస్తే ఏరియేటర్లు మరికొన్ని వేయవచ్చు. చెరువుకొకటి చొప్పున గట్టున పెట్టిన పరికరాలు, మధ్యలో మేత బస్తాలుండే షెడ్డుకి వైఫైలో లెక్కలు పంపాలి. పంపేవి, కానీ సగం అందేవి కావు. "మీరు చదివేది ఇదేగా, కాస్త చూడండి" అన్నారు బావగారు. నేను చూసి, దూరం ఎక్కువైందన్నాను. గొట్టం మీద ఆంటెన్నా ఎత్తు పెంచాను. వేగం తగ్గించి పెట్టాను. మరుసటి వారానికి ఇంకా ఘోరం. బావగారు పళ్లు కుట్టుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్వారు. "మీ అక్క జబ్బే వీటికీ పట్టుకున్నట్టుందండీ." నాకు ఒళ్లు మండింది.

అక్కని ఏలూరు తీసుకొచ్చి చెవి డాక్టరుకి చూపించాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయట నిలబడి చూస్తున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని, పరీక్ష రాసే పిల్లలా ఎంతో శ్రద్ధగా నొక్కుతోంది. డాక్టరు కాగితం చూసి, "ఈ వయసుకి చాలా బాగా వినపడుతోందండీ" అన్నారు. సంతోషించాలి కదా. కారు ఎక్కగానే బావగారు అన్న మాట ఇది. "అయితే కావాలనే పలకట్లేదన్న మాట."

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను పక్కన ఉండి ఒక్క మాట అనలేదు. ఎందుకంటే నా మనసులోనూ అదే ఉంది. చెవులు బాగానే ఉంటే, నా మాటలంటేనే విసుగన్నమాట. ఇన్నేళ్లుగా వారం వారం వెళ్లి నా సోదంతా పోస్తే ఎవరికి మాత్రం విసుగు రాదు? ఆ సాయంత్రం మేడ మెట్లెక్కి తాళం తీస్తుంటే, నాకు ఊఁ కొట్టే మనిషి ఈ లోకంలో లేకుండా పోయిందనిపించింది. రేడియో పెట్టలేదు. అన్నం కూడా వండుకోలేదు. తర్వాతి ఆదివారం పని ఉందని చెప్పి వెళ్లడం మానేశాను. ఆ తర్వాతి ఆదివారం కూడా.

మళ్లీ వెళ్లింది కూడా బావగారు ఆ పరికరాల గురించి పోరు పెడితేనే. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ ఇంట్లో ముందు వరండా బావగారిది. పడక కుర్చీలో కూర్చుని, మేత కంపెనీవాళ్లతో, ఆకివీడు లారీల వాళ్లతో ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతారు. వెనక వంటగది కోడలిది, మిక్సీ, కుక్కరు, సెల్‌ఫోనులో పాటలు. మధ్య గదిలో టీవీ, దాని ఎదురుగా అక్క. నేను చెరువు గట్టు దిగి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాను. హఠాత్తుగా కరెంటు పోయింది. ఏరియేటర్లు, టీవీ, మిక్సీ అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. బావగారు జనరేటరు దగ్గరికి పరుగెత్తారు. ఆ నిశ్శబ్దంలో నాలో నేను "తువ్వాలు ఎక్కడ పెట్టానో" అని గొణుక్కున్నాను.

"తలుపు వెనక మేకుకి ఉంది చూడవే" అంది అక్క, గోడ అవతల మధ్య గదిలోంచి.

తువ్వాలు అక్కడే ఉంది. నేను దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోడ అవతలి గొణుగుడు కూడా వినగల మనిషి ఆవిడ. ఇంతలో జనరేటరు అందుకుంది. అన్నీ మళ్లీ ఒకేసారి మొదలయ్యాయి. బావగారు తిరిగొచ్చి వరండాలోంచి "ఏమే, మంచినీళ్లు" అన్నారు. సరిగ్గా అప్పుడే వంటగదిలోంచి కోడలు "అత్తయ్యగారూ, చింతపండు నానబెట్టారా?" అంది. ఆయన మాట ఈ అమ్మాయికి వినపడదు, ఈ అమ్మాయి మాట ఆయనకి వినపడదు. రెండూ వినపడేది మధ్యలో ఉన్న అక్కకే. ఆవిడ తల ఎత్తి అటు చూసింది, ఇటు చూసింది, తల దించేసుకుంది. జవాబు రాలేదని ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా సాగదీసి. మళ్లీ ఒకేసారి. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. మా ఇంట్లో నేను కాగితాల మీద రోజూ గీసుకుంటున్న బొమ్మ అది.

నేరుగా షెడ్డుకి వెళ్లాను. ఈ చివర చెరువు దగ్గరి పరికరానికి ఆ చివర చెరువు పరికరం మాట వినపడదు. మధ్యలో షెడ్డుకి రెండూ వినపడతాయి. పైగా అన్నిటికీ ఒకే లైను కరెంటు. పోయి వచ్చిన ప్రతిసారీ అన్నీ ఒకే క్షణాన నిద్రలేచి, ఒకే క్షణాన నోరు తెరుస్తాయి. దూరం కాదు వాటి బాధ. దానికి మందు నా రాతల్లోనే ఉంది. ముందు ఒక చిన్న పిలుపు పంపాలి, "చెప్పనా?" అని. అది మరీ చిన్నది కనుక దేనికీ పెద్దగా అడ్డం పడదు, అన్నిటికన్నా నెమ్మదైన వేగంలో వెళ్తుంది కనుక దూరానికీ వినపడుతుంది. "చెప్పు" అని జవాబు వస్తేనే అసలు సంగతి పంపాలి. ఆ జవాబు వినపడిన మిగతావి అంతసేపూ ఆగుతాయి. "చెప్పు" అన్న తర్వాత కూడా సంగతి అందకపోతే అప్పుడు అది నిజంగా నీరసం, వేగం తగ్గించుకోవచ్చు. పిలుపుకే జవాబు రాకపోతే అవతల ఇంకెవరో మాట్లాడుతున్నారని అర్థం. అప్పుడు కాసేపు ఆగి మళ్లీ పిలవాలి, వేగం మాత్రం తగ్గించకూడదు. అలా మార్చి, నేను తగ్గించిన వేగం మళ్లీ పెంచాను. లెక్కలు వరసగా వచ్చి పడటం మొదలుపెట్టాయి.

బావగారు ముచ్చటపడ్డారు. "ఏం చేశారండీ?"

"ముందు పిలిచి, పలికాక చెప్పమన్నానండీ బావగారూ."

"అంతేనా?"

"అంతేనండీ. అక్కతో మీరూ అలాగే చేసి చూడండి."

ఆయన నవ్వేసి వరండాలోకి వెళ్లిపోయారు.

అక్క వెనక అరుగు మీద తోటకూర ఒలుస్తోంది. నేను వెళ్లి కాస్త దూరంలో కూర్చున్నాను. లోపల టీవీ, బయట ఏరియేటర్లు. మామూలు గొంతుతో "అక్కా" అన్నాను. అని ఊరుకున్నాను. ఎప్పుడూ అలా ఊరుకున్నదాన్ని కాదు, అక్కా అన్న మాట వెనకే మిగతాదంతా తోసుకొచ్చేసేది. ఆవిడ చేతిలో కాడ ఒలవడం పూర్తి చేసింది. తలెత్తకుండానే, "ఊఁ" అంది.

ఇంక నేను ఆగలేదు. నా మామూలు వేగంలో, ఎక్స్‌ప్రెస్సులా, రెండు మూడు వారాలవి మొత్తం చెప్పేశాను. అక్క ఊఁ కొడుతూనే ఉంది. మధ్యలో ఒకచోట నవ్వింది కూడా. చెప్పడం అయ్యాక తోటకూర పక్కన పెట్టి, "ఇన్నాళ్లకి మనిషిలా మాట్లాడావు" అంది.

"నీకు వినపడట్లేదనుకున్నాం అక్కా."

"వినపడకపోవడమేమిటే? ఆయన అటు నుంచి, అమ్మాయి ఇటు నుంచి ఒక్కసారే పిలుస్తారు. రెండూ కలిసిపోయి ఏదీ తెలియదు. మళ్లీ అడిగితే చెవిటిదానివంటారు. ఒకళ్లకి పలికితే రెండోవాళ్లకి కోపం. ఎందుకొచ్చిందని ఊరుకుంటున్నాను. వాళ్లు సరే. నువ్వు కూడా వచ్చి పిచ్చిదానికి చెప్పినట్టు ఒక్కో ముక్కా చెబుతుంటే, ఇంక నాకెవరున్నారు అనుకున్నాను."

సరిగ్గా ఆ మాటే నేను మేడ మెట్ల మీద అనుకున్నది. ఏడుపొచ్చింది, దానికి ముందు కోపమొచ్చింది. "మరి ఫోనులో? అక్కడ నేనొక్కదాన్నే కదా మాట్లాడేది. అక్కడ కూడా రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నావు. విసుగైతే విసుగని చెప్పు."

అక్క నాకేసి వింతగా చూసింది. "నువ్వు ఊఁ అనవుగా" అంది.

"నేనా?"

"నువ్వే. నీ మాటలైతే వరదే. నేనేదైనా చెబితే అవతల చప్పుడే ఉండదు. వింటున్నావో, ఫోను పక్కన పెట్టి పని చేసుకుంటున్నావో తెలియదు. గోడకి చెప్పుకున్నట్టుంటుంది. కాలేజీ పని, ఆ చదువు, అలసిపోయి ఉంటుంది పాపం అనుకుని పెట్టేస్తాను."

నేను వింటూనే ఉంటాను. ప్రతి మాటకీ తల ఊపుతాను. గరిట పట్టుకుని రేడియోకి ఊపినట్టే. ఆ మేడ మీద గదిలో ఇన్నేళ్లుగా నేను ఇచ్చిన జవాబు అదొక్కటే. అది ఫోనులో కొల్లేరు దాటి కలిదిండి దాకా ఎలా వెళ్తుందని ఒక్కసారి కూడా తోచలేదు. జవాబు రాకపోతే ఏమనుకోవాలో కాగితాల నిండా రాశాను. జవాబు ఇవ్వాల్సిన దాన్ని నేనే కావచ్చన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. మిగిలిన తోటకూర నేనే ఒలిచాను.

సాయంత్రం బస్సులో ఏలూరు వచ్చాను. తాళం తీసి లోపల లైటు వేస్తుండగా ఫోను మోగింది.

"ఏమే" అంది అక్క. అని ఊరుకుంది. వెనక ఏరియేటర్లు వినపడుతున్నాయి.

నా తల దానంతటదే ఊగింది. నన్ను నేను పట్టుకుని, "ఊఁ" అన్నాను.

అక్క మొదలుపెట్టింది. నేను వెళ్లాక ఆయన నిజంగానే వరండాలోంచి ఒకసారి పిలిచి ఆగారట, ఎందుకు ఆగారో తెలియక తనే లేచి వెళ్లి చూసిందట. నేను చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఒక్కో వాక్యానికీ ఊఁ, ఊఁ అంటున్నాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఈ నెలలన్నీ ఆ మధ్య గదిలో ఒక్కతే ఎలా కూర్చునేదో చెప్పింది. టీవీలో ఏం వస్తోందో కూడా తెలిసేది కాదట. ఆదివారం ఆటో చప్పుడు కోసం చూసేదట. నేను రాని ఆదివారాల్లో కూడా.

అక్కడ నాకు ఊఁ రాలేదు.

ఆవిడ ఆగింది. ఏరియేటర్ల చప్పుడొక్కటే మిగిలింది.

"నిద్రపోయావుటే?" అంది.

"లేదక్కా. ఉన్నాను, చెప్పు."

ఈసారి అక్క మళ్లీ మొదటికి వెళ్లలేదు. వదిలేసిన చోటు నుంచే చెప్పింది.